చప్పుడు లేని రైలుదారి
(విజ్ఞానశాస్త్ర సంఘ సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



గత సంవత్సరపు ప్రదర్శనమున మన బాలురు నిర్మించిన బొమ్మరైలును మీరందరును చూచితిరి. కాని దానినిగూర్చి ఎనిమిదవ తరగతి బాలుడొకడు తెలుగున చెప్పిన మాటలను విన్నవారెందరు? రెండు వారములు వ్రాసికొని, ఇంట అవ్వకు వినిపించి కంఠస్థము చేసిన పిల్లవాడు, రైలు కదలినతోడనే పుట్టిన గడగడకు బెదరి నోరు మూసికొనెను. ఆ అవ్వ ముందు వరుసలోనే కూర్చుండెను. దోషము బాలునిది కాదు. ప్లైవుడ్ పలకపై పట్టాలను నేరుగా మేకులతో బిగింపుడని చెప్పినవాడను నేనే.

అరచేత ఇమిడెడి బండికి అంత చప్పుడెక్కడిది? చక్రములును మోటారును పుట్టించు కంపము స్వల్పమే. అది పట్టానుండి మేకుగుండ పలకకు దిగును. వెడల్పయిన పలక దానిని పెంచి గాలికి అప్పగించును. వీణ తంత్రికి కుండ తోడు లేనిచో ఆ నాదమెక్కడిది? మనము తెలియక రైలుకు కుండ కట్టితిమి.

నిజమైన దారిలో పట్టాల క్రింద స్లీపర్లును, వాని క్రింద కంకరయు నుండును. బొమ్మదారికై అమెరికాలో ఈ అభిరుచిగలవారు కార్కు పట్టీనిగాని, కాగితపు గుజ్జును అదిమి చేసిన హోమసోట్ పలకనుగాని పరతురు. మన బొమ్మపట్టాల నడిమి దూరము 16.5 మిల్లీమీటర్లు, కొలత 87వ వంతు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు గనుక లెక్క కుదరదు, గణితోపాధ్యాయులు క్షమింతురుగాక! దీనికి సుమారు 5 మిల్లీమీటర్ల కార్కు చాలును.

కార్కు పరచితిమి, అలవాటుకొలది మరల మేకులే కొట్టితిమి! చప్పుడు కొంతయే తగ్గెను. కార్కును దాటి పలకను తాకిన ప్రతి మేకును కంపమునకు వంతెనయే. వానిని పెరికి, కిటికీ సందులు పూడ్చు అక్రిలిక్ సీలెంటుతో పట్టాలను అంటించితిమి. అది ఆరినను రబ్బరువలె సాగును. పిమ్మట కంకర. తెల్లజిగురు ఆరినచో గట్టిపడి, కంకరను ఒక్క బండగా కట్టి, పలకదాక కంపమును మోయును. కావున కంకర కార్కు అంచు దాటకుండ నిలిపితిమి. ఈ ఓపిక బాలురదే, నాది కాదు.

పూర్తి నిశ్శబ్దము రాలేదు. చక్రముల సవ్వడి సన్నగా వినవచ్చుచున్నది. అది యుండవలెననియే బాలుర పట్టు. మొన్న శనివారమునాడు రైలు నడపుచు ఆ బాలునిచే పాఠము చెప్పించితిని. గది చివరి బల్లకు ప్రతి మాటయు వినబడెను. రాబోవు ప్రదర్శనమునకు అవ్వగారిని మరల పిలిచితిమి.