ఆటపెట్టె తరాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాం. అదే వేదికమీద వీడియో ఆటల సంగతి యెత్తితే కొందరు నవ్వుకోవచ్చు. నేను మెట్రిక్కు చదివిన రైల్వే గుమాస్తాను. అంకెలు కనబడితే వదలలేను. రాశులకే కాదు, ఆటపెట్టెలకూ ఆదాయవ్యయాలున్నవి.

జపానులోని నింటెండో కంపెనీ లెక్క చూడండి. క్యాసెట్లు మార్చి ఆడుకునే వారి మొదటి పెట్టె 1983లో బయలుదేరి, లోకం మొత్తంమీద 6 కోట్ల 19 లక్షలు అమ్ముడైంది. 1990 నాటి రెండవది 4 కోట్ల 91 లక్షలు. 1996 నాటి మూడవది 3 కోట్ల 29 లక్షలు. 2001 నాటి నాల్గవది 2 కోట్ల 17 లక్షలు. తరతరానికీ బొమ్మ మెరుగైంది, కొనేవారు తరిగారు. పాత క్యాసెట్టు కొత్త పెట్టెలో ఆడదు గనుక ప్రతిసారీ మొదటినుంచి కొనాలి. పైగా 1994లో సోనీవారు చవకగా తయారయ్యే డిస్కులతో పోటీకి వచ్చారు.

2006లో నింటెండోవారు బలంలో పోటీదార్లకంటె తక్కువదే తెచ్చారు. చెయ్యి వూపితే చాలు, అవ్వలూ ఆడారు. 10 కోట్ల 16 లక్షలు పోయింది. 2012లో దాని తరువాతిదాన్ని చాలామంది పాతదానికి తగిలించే పలక అనుకొన్నారు. కోటీ 35 లక్షలతో ఆగిపోయింది! సోనీవారికీ దెబ్బ తగిలింది: ప్లేస్టేషన్ 2 16 కోట్లు కాగా, వెల బాగా పెంచిన మూడవది 8 కోట్ల 74 లక్షలే. నాలుగవది మళ్ళీ 11 కోట్లు దాటిందనుకోండి.

మనదేశంలో పాత తరం అంత త్వరగా పోదు. హైదరాబాదులో తయారైన హనుమంతుని ఆట 2009లో వచ్చింది ప్లేస్టేషన్ 2కే. అప్పటికి మూడవది లోకంలోకి వచ్చి రెండేళ్ళు దాటింది.

నా చిన్నతనంలో బల్లార్షాలో మా వరుస క్వార్టర్లకంతా ఒకటే పెట్టె, అదీ నకలు. క్యాసెట్టు ఆడకపోతే వూది పెట్టేవాళ్ళం. జాయ్‌స్టిక్కులు రెండు, పిల్లలం తొమ్మండుగురం. వంతుకోసం కొట్లాటంతా తెలుగులోనే. పక్కింటి మరాఠీ పిల్లవాడు సైతం “నా వంతు, నా వంతు” అని అరిచేవాడు.

2016 తరువాత నెట్టు చవకైంది. ఫోనులో ఆట వూరకనే వస్తుంది. ప్లేస్టేషన్ 5 2021లో మనదేశానికి వచ్చినప్పుడు వెల 49,990 రూపాయలు. గుమాస్తా యింట్లో ఏది గెలుస్తుందో చెప్పనక్కరలేదు. మావాడు చెవుల్లో తీగలు పెట్టుకొని ముఖమెరుగని వారితో హిందీలో ఆడుతుంటాడు. పిలిస్తే పలకడు. వాళ్ళమ్మ అన్నం పెట్టి మూడుసార్లు పిలవాలి.

మన సంఘానికి ఒక గది వుంది, ఆదివారం ఖాళీగానే వుంటుంది. మా అటకమీది పాత పెట్టె, రెండు జాయ్‌స్టిక్కులతో సహా, నేనిస్తాను. పనిచేసే టీవీ ఎవరింట నున్నా సభ ముగిశాక నాతో చెప్పండి. మోయడానికి నేనే వస్తాను.