శరత్కాలమున శిశు తరగతి

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి బట్టల కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడను. శిశువిద్యనుగూర్చి ప్రసంగించుటకు నాకుగల అర్హత మిక్కిలి స్వల్పము. అయినను మన సంఘము నడుపుచున్న శిశు తరగతి జమాఖర్చులు చూచుచుండుటచే ఒక మాట మనవి చేసికొనవలసివచ్చినది. ఈ యేడు శరత్కాలపు విహారములు మానివేసి, ఆ సొమ్ముతో అక్షరములు దిద్దించు పుస్తకములు కొనవలెనని కొందరు సభ్యులు సూచించినారు. నిరుడు ఆ సూచన చేసినవాడను నేనే. కావున నేడు దానిని కాదనవలసిన భారమును నాదే.

నిరుడు ఆశ్వయుజమున పంతులమ్మగారు పిల్లలను చెరువుగట్టునకు తీసికొనిపోవుచు, ఆటోల కిరాయి వృథా యని సణుగుచున్న నన్నుకూడ వెంట రమ్మనిరి. గట్టు పొడవునను రెల్లు తెల్లగా పూచియున్నది. తరగతిలో మూడు మాసములుగా నోరు విప్పని నాలుగేండ్ల బాలుడొకడు ఆ పూలను చూచి, “కాశతండి!” యని కేక వేసినాడు. అది ఒడియా మాట. వీథిలో తోడిపిల్లలవద్ద నేర్చినది. నేనైనచో తప్పు దిద్దియుందును. పంతులమ్మగారు మాత్రము, “అవును నాయనా, కాశతండియే. మన ఇంటిలో దీనిని రెల్లు అందురు” అని ఒక కంకిని వాని చేతికిచ్చిరి. వాడు దానిని ఇంటికి కొనిపోయి నాయనమ్మకు చూపగా, ఆమె తన చిన్ననాడు రెల్లుతో ఇల్లు కప్పిన సంగతి చెప్పినదట. మరునాడు తరగతిలో ఆ కథను వాడే తెలుగున చెప్పినాడు. ఏ పలక మీది అక్షరము వానిచేత ఆ పని చేయించినది?

మా యింటి సంగతి దాచనేల? మా పెద్దవానిని మూడవయేటనే అక్షరములకు కూర్చుండబెట్టితిమి. ఈనాడు దుకాణపు పద్దులు ఇంగ్లీషులో చక్కగా వ్రాయును. అయితే వాని నాయనమ్మ పొన్నగంటికూర తెమ్మనిన తెల్లబోవును.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మన బరంపురము అందు చేరినది. నాటినుండియు రెండు భాషల నడుమ మనము సుఖముగనే జీవించుచున్నాము. ఈ ఋతువు ఆ రెంటిని పిల్లలకు ఏకకాలమున చూపును. ఆశ్వయుజ పూర్ణిమనాడు పొరుగింటి బాలికలకు కుమార పూర్ణిమ. మూడు దినములకు మన బాలికలకు అట్లతద్ది. కార్తిక పూర్ణిమనాడు తెల్లవారుజామున ఒడియావారు, పూర్వము బలి, జావా దీవులకు ఓడలపై పోయిన వర్తకులను స్మరించి, అరటిదొప్పలతో చేసిన చిన్న ఓడలను నీట వదలుదురు. మనవారును అరటిదొప్పలోనే దీపముంచి వదలుదురు. పొరుగుపిల్ల దానిని ఓడ యనును, మన పిల్ల దీపమనును. నీటికి రెండును ఒకటే.

ఇక తరగతిలో జరుగవలసిన పనులు. ఉసిరికాయలను కుప్పపోసి ఐదేసి చొప్పున లెక్కించుట, రావి, మఱ్ఱి, ఉసిరి ఆకులను చేతితో తడిమి వేరుచేయుట, వెన్ను తీసిన వరిని చూచి బియ్యమెక్కడనుండి వచ్చునో తెలిసికొనుట. వీనికి ఖర్చే లేదు. ఇది నా కల్పనయు గాదు. గుజరాతులో గిజుభాయి బధేకాగారు 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పి, ఆటలు, కథలు, విహారములు చదువులోని భాగములే యని ఆచరించి చూపిరి. వారు మొదట వకీలు! వకీలు శిశువిద్యకు రాగా, వర్తకుడు ఒక్కమాట చెప్పిన తప్పుగాదనుకొందును.

1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపవలెననినది. అందు శిశు తరగతి ప్రసక్తి లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము 3 నుండి 8 ఏండ్లవరకు పునాది దశ యని చెప్పి, సాధ్యమైనచోట ఇంటి భాషలో బోధింపుమన్నది. ఆ “సాధ్యమైనచోట” అను మాటను సాధ్యము చేయవలసినవారము మనమే. ఎవరో వచ్చి చేయుదురని కూర్చుండిన, బడియీడు వచ్చునప్పటికి మన పిల్లలకు తెలుగు ఒక పాఠ్యవిషయముగా మాత్రమే మిగులును.

తల్లులకు భయముండుట సహజము. ఈ మాసములలోనే తుపానులు వచ్చును. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురమువద్దనే తీరము దాటినది. కావున ఈ యేడు సముద్రతీరమునకు పోవలదు. వాతావరణశాఖ హెచ్చరిక యున్ననాడు గడప దాటవలదు. చెరువువద్ద ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద తప్పక యుండవలెను. మెట్లు దిగి దీపములు వదలువారు పెద్దలే. పిల్లలు గట్టుమీదనుండియే చూడవలెను.

ఆటోల కిరాయిలో సగము సంఘము భరించునట్లు తీర్మానింపగోరుచున్నాను. నాయనమ్మలు, అమ్మమ్మలు నలుగురైదుగురు వెంట వచ్చుటకు నేడే పేర్లు ఇండు. పూల పేర్లు, ఆకుల పేర్లు పంతులమ్మగారికంటె వారికే ఎక్కువ తెలియును. కార్తిక పూర్ణిమనాటి ఉదయము ఐదు గంటలకు బయలుదేరుదము. అరటిదొప్పలు నేను తెప్పించెదను.