అడ్డాకు, వెదురు, సరుగుడు: మన అడవి సరుకుకు రేపటి దారి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా అనకాపల్లిలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం "కాగితం, అటవీ ఉత్పత్తుల పరిశ్రమ: రాబోయే అవకాశాలు, సవాళ్ళు". పేరు పెద్దది. మా ఇంట్లో మాత్రం ఆ పరిశ్రమ అంతా మా అమ్మ చేతిలోనే ఉండేది. చీకటితో లేచి అడ్డాకుల కోసం కొండెక్కేది. మధ్యాహ్నానికి మోపుతో దిగేది. రాత్రి దీపం దగ్గర వెదురు పుల్లలతో విస్తర్లు కుట్టేది. సంత రోజున ఆ కట్టలు, కాస్త చింతపండు మోసుకుని నేనూ వెనకాల నడిచేవాణ్ణి. షావుకారు కాటా ఎప్పుడూ మా ఇంటి తూకం కన్నా తక్కువే చూపించేది. అమ్మ గొడవ పడేది కాదు. పడితే వచ్చే వారం కొనేవాడు ఉండడని భయం. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ కాటా గురించే అనుకోండి. సరుకు మనది, తూకం, ధర మాత్రం ఎప్పుడూ ఎదుటివాడివే.

ముందు కాగితం సంగతి. మనకు దగ్గర్లోని పెద్ద మిల్లు రాజమండ్రిది. 1920ల్లో కర్నాటిక్ పేపర్ మిల్లుగా మొదలైంది. తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది, 1964లో ప్రైవేటువాళ్ళ చేతికి పోయింది, 2011లో ఇంటర్నేషనల్ పేపర్ అనే అమెరికా కంపెనీ కొన్నది, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ తీసుకుంది. అటువైపు ఒడిశాలో రాయగడ దగ్గర జేకే వారి మిల్లు, గోదావరి అవతల సారపాకలో ఐటీసీ వారిది, ఇంకా పైన కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు ఉన్నాయి. సిర్పూర్ మిల్లు 2014లో మూతపడి, నాలుగేళ్ళ తర్వాత జేకే పేపర్ చేతికి వెళ్ళి మళ్ళీ తెరుచుకుంది. ఊరి పేరే కాగజ్‌నగర్. కాగితమే ఆగిపోతే ఆ ఊరు నాలుగేళ్ళు ఎలా బతికి ఉంటుందో ఊహించుకోండి. ఒక్క కొనుగోలుదారు మీదే బతికే ఊరికి ఉండే ప్రమాదం అది.

ఈ మిల్లులన్నీ ఒకప్పుడు ప్రధానంగా వెదురు మీద నడిచినవే. వెదురు నార పొడవు, కాగితం గట్టిగా వస్తుంది. కర్ణాటకలో ఒక మిల్లుకు ప్రభుత్వం టన్ను వెదురును రెండు రూపాయల లోపుకే ఇచ్చిందని, అదే వెదురుకు బజారులో బుట్టలల్లేవాళ్ళు వందల రెట్లు ఎక్కువ చెల్లించారని మాధవ్ గాడ్గిల్ రాశారు. అడవి తరిగింది, వెదురు తరిగింది. 1988 జాతీయ అటవీ విధానం, మిల్లులు ముడిసరుకును అడవి నుంచి కాక రైతుల దగ్గర తెచ్చుకోవాలని చెప్పింది. అప్పటి నుంచి సుబాబుల్, సరుగుడు, నీలగిరి తోటలు పెరిగాయి.

ఇక్కడే మీకొక హెచ్చరిక. మన గూడేలకు కూడా మొక్కలిస్తామని వచ్చేవాళ్ళున్నారు. నీళ్ళు అక్కర్లేదు, పని అక్కర్లేదు, నాలుగేళ్ళలో డబ్బు అంటారు. అబద్ధమని నేననను. మెట్ట భూమిలో సరుగుడు వేసి బాగుపడ్డ రైతులను కోస్తాలో చూశాను. కానీ ఆ నాలుగేళ్ళు ఇంట్లో ఏం తింటాం? కర్ర నరికాక కొండ మీద నుంచి రోడ్డు దాకా ఎవరు దింపుతారు? లారీ బాడుగ పోగా మిగిలేదెంత? ప్రకాశం, కృష్ణా జిల్లాల సుబాబుల్ రైతులు, రోడ్డు పక్కన చదును భూములున్నవాళ్ళే, గిట్టుబాటు ధర కోసం ఏళ్ళ తరబడి ధర్నాలు చేశారు. మన కొండ్ర భూమిలో ఇప్పుడు జీడిమామిడి ఉంది, దాని మధ్య కంది, సామ, చోడి ఉన్నాయి. అవి పీకి కర్ర తోట వేయడం నాకు ఇష్టం లేదు. గట్ల మీద, ఏ పంటా రాని వాలులో వేసుకోండి. అంతవరకే. నాతో విభేదించేవాళ్ళు ఉంటారు, సభ అయ్యాక మాట్లాడుకుందాం.

మరి కాగితానికి రోజులు పోయాయా అంటే, పోలేదు. వార్తాపత్రిక కాగితం తగ్గింది నిజమే. అట్టపెట్టెల గిరాకీ పెరిగింది. మీ ఫోను వచ్చిన పెట్టె కూడా కాగితమే. మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 15 కిలోల కాగితమే వాడుతున్నాం, ప్రపంచ సగటు 50 కిలోలు దాటింది. అయితే మన దేశంలో తయారయ్యే కాగితంలో ఎక్కువ భాగం పాత కాగితం నుంచి వస్తోంది, చెట్టు నుంచి కాదు. చెరుకు పిప్పి నుంచి కూడా చేస్తారు. తమిళనాడులో కరూరు దగ్గర ప్రభుత్వ మిల్లు దానితోనే పేరు తెచ్చుకుంది. అనకాపల్లి బెల్లం ఊరు కదా, ఇక్కడెందుకు రాదని ఒక తమ్ముడు నన్నడిగాడు. మంచి ప్రశ్న. ఇక్కడ పిప్పిని బెల్లం పొయ్యిలోనే కాల్చేస్తారు. అది కొనాలంటే రైతుకు వేరే వంటచెరుకు చూపించాలి. పైగా చెరుకు సాగే తగ్గిపోతోంది.

మిల్లులో ఉద్యోగం కావాలనుకునేవాళ్ళకు చెబుతున్నా. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవాళ్ళ అవసరం అక్కడ ఎప్పుడూ ఉంటుంది. ఇంకా పెద్ద చదువు కావాలంటే ఐఐటీ రూర్కీకి సహారన్‌పూర్‌లో కాగితం సాంకేతికత కోసమే ఒక విభాగం ఉంది. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. మన పిల్లలు బీఎస్సీ ఫారెస్ట్రీ చదివి, రేంజర్ కుర్చీలో కూర్చోవాలి. ఆ కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడింది చాలు.

ఇక అసలు విషయం. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, స్పూన్లు నిషేధం. అడ్డాకుకు మంచి రోజులొచ్చాయని సంబరపడ్డాం. తర్వాత ఒక పెళ్ళికి వెళితే, ఆకుపచ్చ రంగులో ఆకు బొమ్మ అచ్చేసిన కాగితం పళ్ళెం పెట్టారు. పైన పల్చని ప్లాస్టిక్ పొర. మన ఆకును బొమ్మగా వాడుకుని మన ఆకునే బయటికి నెట్టేశారు! తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదు. కేటరింగ్ చేసేవాడికి ఒకే కొలత, ఒకే మందం, పురుగు లేని పళ్ళెం, అడిగిన రోజుకు రెండు వేలు కావాలి. మనం ఎండిన ఆకు కట్టలు అమ్మి ఊరుకుంటున్నాం. వేడి అచ్చు యంత్రం ఒకటి పెడితే గూడెంలోనే పళ్ళెం తయారవుతుంది. 2018లో మొదలైన వనధన్ పథకంలో 15 స్వయం సహాయక సంఘాలు, 300 మంది కలిసి ఒక కేంద్రం పెట్టుకోవచ్చు, 15 లక్షల దాకా సాయం ఉంటుంది. నేనొకచోట అలాంటి యంత్రం చూశాను. మూడు ఫేజుల కరెంటు లేక గోనెసంచి కప్పుకుని కూర్చుంది. యంత్రం అడిగే ముందు కరెంటు, రోడ్డు అడగండి.

సేకరణలో మన తప్పులు కూడా ఒప్పుకోవాలి. కొండచీపురును వేళ్ళతో పీకితే వచ్చే ఏడు ఉండదు, కోయాలి. తపసి బంక కోసం చెట్టును లోతుగా నరికితే చెట్టే చస్తుంది. చిన్న గాటు చాలని శిక్షణ ఇచ్చినచోట చెట్టూ బతికింది, బంక కూడా శుభ్రంగా ఉండి ఎక్కువ ధర పలికింది.

ఇప్పుడు చట్టం. విసుగనిపించినా వినండి. మన గూడేలు చాలావరకు ఐదో షెడ్యూలు బయట ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాడేరు వైపు షెడ్యూలు ప్రాంతమంతా అల్లూరి జిల్లాలోకి పోయింది, మనం ఇటు మిగిలాం. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం, మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి కొండవాలు గూడేలకు 1/70 లేదు, పెసా లేదు. అల్లూరి సీతారామరాజు స్మారకం ఉన్న కృష్ణదేవిపేట మన జిల్లాలోనే ఉంది. 1922 ఆగస్టులో పోరాట వీరులు అక్కడి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. అడవి కోసం పోరాడిన ఊరు ఇవాళ అడవి బిడ్డల చట్టాలకు బయట ఉంది. మన గూడేలను షెడ్యూలులో చేర్చాలనే కోరిక న్యాయమైనది, అడుగుతూనే ఉండాలి.

అది వచ్చేదాకా ఆగనక్కర్లేని చట్టం ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూలు ప్రాంతానికే పరిమితం కాదు. పాత ఆవాసాలు, సర్వే కాని గ్రామాలు కూడా అందులో గ్రామాలే. సెక్షన్ 3(1)(సి) ప్రకారం మనం తరతరాలుగా సేకరించే చిన్నతరహా అటవీ ఉత్పత్తి మీద మనకు యాజమాన్య హక్కు ఉంది. చింతపండు, తేనె, అడ్డాకే కాదు, వెదురు కూడా ఆ జాబితాలో ఉంది. గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అనే గోండు గూడెం ఆ హక్కు సాధించింది. 2011లో రవాణా అనుమతి పుస్తకం గ్రామసభ చేతికొచ్చింది. వాళ్ళ వెదురు వాళ్ళే అమ్మారు. మన దగ్గర వ్యక్తిగత పట్టాల కోసం ఫారం-ఏ పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. సామూహిక హక్కుల ఫారం-బి, అడవి వనరుల హక్కు ఫారం-సి ఎంతమంది పెట్టారు? చేతులెత్తండి. అదే నేను చెప్పేది.

హద్దులు గుర్తించడానికి మీ చేతిలోని ఫోను చాలు. తాతలను వెంటబెట్టుకుని కొండ చుట్టూ నడవండి. ఏ రాయి, ఏ వాగు, ఏ చింతచెట్టు మన హద్దో వాళ్ళకే తెలుసు, వాళ్ళు పోతే ఎవరికీ తెలీదు. ఆ పటం మరో పనికి కూడా వస్తుంది. ఐరోపా వాళ్ళు 2023లో ఒక చట్టం చేశారు. కాఫీ, కలప, కాగితం ఏ భూమిలో పండిందో అక్షాంశ రేఖాంశాలతో చూపాలి, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేల కాకూడదు. అమలు వాయిదా పడుతూ వస్తున్నా, కొనేవాళ్ళు ఇప్పటికే అడుగుతున్నారు. కాగితం లేని గూడెం సరుకు అక్కడ నిలబడదు.

హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉండాలి, మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతు తగ్గకుండా ఆడవాళ్ళు. అడ్డాకు ఏ గుట్ట మీద ఉందో తెలిసింది ఆడవాళ్ళకే కాబట్టి సగం వాళ్ళనే పెట్టండి. ఫారం-బి, ఫారం-సి నకళ్ళు నా సంచిలో ఉన్నాయి. భోజనాల దగ్గర ఒక్కో గూడేనికి ఒక సెట్ ఇస్తాను. పేరు, గూడెం రాసి తీసుకోండి. అన్నట్టు, ఇవాళ భోజనం అడ్డాకు విస్తర్లలోనే. జోహార్.