ట్రాక్టరు టైరులో గాలి, దానిని కొలిచే గేజి



ట్రాక్టరు కొన్నవారు ఇంజను ఆయిలు మీద చూపే శ్రద్ధలో నాలుగోవంతయినా టైర్లలోని గాలి మీద చూపరు. ఆయిలు తగ్గితే ఎర్రదీపం వెలుగుతుంది. గాలి తగ్గితే వెలిగే దీపం ఏదీ లేదు. టైరును చెప్పుకాలితో ఒక తన్ను తన్ని, "గట్టిగానే వుందిలే" అనుకోవడమే మన పల్లెల్లో గాలి చూచే పద్ధతి. ట్రాక్టరు వెనక టైరుకు యీ పద్ధతి బొత్తిగా పనికిరాదు. ఆ టైరు చాలా మందం. దానిలో 8 పౌన్ల గాలి వున్నా, 20 పౌన్లు వున్నా కాలికి ఒకేలాగ తగులుతుంది.

బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. రబ్బరూ, అందులోని దారపు పొరలూ ఆ గాలిని పట్టి వుంచే సంచి వంటివి. పూర్వం ట్రాక్టర్లకు ఎక్కువగా ఇనుప చక్రాలే వుండేవి. 1932లో అమెరికాలో ఆలిస్-చామర్స్ కంపెనీవారు గాలి టైర్ల ట్రాక్టరును అమ్మకానికి తెచ్చారు. తక్కువ గాలితో, వెడల్పుగా నేలను పట్టుకుని నడవడమే ఆ టైరులోని గొప్ప. లారీ టైరుకు వంద పౌన్ల దాకా గాలి కావాలి. ట్రాక్టరు వెనక టైరుకు అలా కాదు. మన ప్రాంతంలో ఎక్కువగా వాడే 35 నుంచి 50 హార్సుపవరు ట్రాక్టర్లకు, పొలం పనిలో వెనక టైరుకు చదరపు అంగుళానికి సుమారు 12 నుంచి 16 పౌన్లు చాలు. ముందు టైర్లకు 24 నుంచి 32 దాకా వుంటుంది. బరువు ట్రాలీ తగిలించి రోడ్డెక్కినప్పుడు వెనక టైరుకు మరికొన్ని పౌన్లు పెంచవలసి వస్తుంది. మీ బండికి, మీ టైరు సైజుకు సరిగ్గా ఎంతో ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది. ఆ పుస్తకం పెట్టె అడుగున పడివుంటే నేడే పైకి తీయండి.

ఇప్పుడు గేజి సంగతి. పంక్చరు షాపుకు వెళతాము. "ఎంత కొట్టమంటారు?" అంటాడు అతను. "గట్టిగా కొట్టు బాబూ" అంటాము. అతని దగ్గర వున్న గేజి లారీల కోసం వున్నది, 160 పౌన్ల దాకా చూపుతుంది, గీతకూ గీతకూ మధ్య 5 పౌన్ల ఎడం వుంటుంది. దానిమీద 12 ఎక్కడ, 16 ఎక్కడ? ఇందులో ఇంకొక మెలిక కూడా వుంది. ఇటువంటి గేజీల తప్పును పూర్తి కొలతలో నూటికి ఇంత అని చెబుతారు. నూటికి 2 చొప్పున చూస్తే 160 పౌన్ల గేజి 3 పౌన్లకు పైగా తప్పు చూపవచ్చు. లారీకి అది లెక్కలోది కాదు. 12 పౌన్ల టైరుకు మాత్రం నాలుగోవంతు తేడా అన్నమాట. అదే 30 పౌన్ల దాకా చూపే గేజి అయితే తప్పు అర పౌను చుట్టూనే వుంటుంది.

కాబట్టి మీకు కావలసిన అంకె గేజి ముఖం మీద నడిమధ్యన పడేటట్టు చూచుకుని కొనండి. వెనక టైరుకు 30 పౌన్లదీ, ముందు టైరుకూ ట్రాలీకీ 60 పౌన్లదీ అయితే బాగుంటుంది. రెండు కొనడం బరువనిపిస్తే, గీతలు ఒక్కొక్క పౌనుకూ వున్న 60 పౌన్ల గేజి ఒక్కటి తీసుకోండి. పెన్సిలు ఆకారపు గేజిలో స్ప్రింగూ కడ్డీ వుంటాయి. జేబులో ఇముడుతుంది గాని దుమ్ము చేరితే కడ్డీ పట్టేస్తుంది. గుండ్రటి ముఖం గలదానిలో వంపు తిరిగిన చిన్న ఇత్తడి గొట్టం వుంటుంది. గాలి లోపలికి పోగానే ఆ గొట్టం కొద్దిగా విచ్చుకుని ముల్లును తిప్పుతుంది. 1849లో బూర్డాన్ అనే ఫ్రెంచివాడు పేటెంటు పొందిన పద్ధతి యిది. నా ఓటు దీనికే, కాని ఒక్కసారి రాతిమీద పడిందా, నమ్మకం పోయినట్లే. అంకెలు చూపే బ్యాటరీ గేజీలూ మంచివే. బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో చూచుకోవాలి. కొన్ని గేజీల మీద పౌన్లకు బదులు కిలోలు గాని బార్లు గాని వుంటాయి. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అంటే 14.2 పౌన్లు, ఒక బారు అంటే 14.5 పౌన్లు.

కొలవడం తెల్లవారగట్ల, బండి కదలకముందే జరగాలి. పని చేసిన టైరు వేడెక్కి ఒకటి రెండు పౌన్లు ఎక్కువ చూపుతుంది. అది చూచి గాలి వదిలేస్తే, చల్లారిన తరువాత తక్కువ పడుతుంది. వారానికి ఒకసారి చూడండి. చెరకు, ధాన్యం తోలే రోజుల్లో రోజూ చూడండి. వెనక టైర్లు రెండింటిలోనూ సమానంగా వుండాలి. నీరు నింపిన టైరు అయితే వాల్వును పైకి తెచ్చి కొలవాలి, నీటికి తట్టుకునే గేజినే వాడాలి. లేకపోతే లోపల తుప్పు పట్టి పాడవుతుంది.

గాలి తక్కువైతే టైరు పక్కగోడలు నలిగి వేడెక్కి పగుళ్ళు పడతాయి. రిమ్ము లోపల తిరిగిపోతుంటే టైరు వెనకబడి, వాల్వు మెడ తెగుతుంది. ఎక్కువైతే మధ్య భాగం మాత్రమే నేలను తాకి అరిగిపోతుంది, చక్రం జారుతుంది, డీజిలు వృథా అవుతుంది, కింది నేల గట్టిపడుతుంది. జారుడు ఎంతో మీరే చూచుకోవచ్చు. నాగలి పైకెత్తి, టైరు మీద సుద్దగుర్తు పెట్టి, పది చుట్లు నడిపి మేకు పాతండి. అంతే దూరం దుక్కి దున్నుతూ లెక్కించండి. పదకొండు, పదకొండున్నర చుట్లు వస్తే మంచిదే. పన్నెండు దాటితే ఏదో తప్పు వుంది. ముందు గాలి చూడండి, ఆ తరువాత బరువులు.

కంది మోళ్ళు, పత్తి మోళ్ళు ఏటవాలుగా కోసి వుంటే మేకులతో సమానం. కోసిన వెంటనే రోటవేటరు తిప్పేవారు టైర్ల కోసమైనా మోళ్ళను నేలకు దగ్గరగా కోయించడం మేలు. సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకున్న రోజునే లాగి పారేయండి. వాల్వు మూత చిన్నదని వదిలేయకండి. అది లేకపోతే బురద వాల్వు పిన్నులో చేరుతుంది. ఎరువు, పురుగుమందు అంటిన టైరును నీళ్ళతో కడగాలి. డీజిలు, గ్రీజు తగిలితే గుడ్డతో తుడవాలి. పని లేని నెలల్లో బండిని నీడలో దిమ్మెలమీద ఎత్తి పెడితే టైరుకు విశ్రాంతి. తోటల్లో గడ్డి కోసే చిన్న సవారీ యంత్రాలకూ యిదే పాఠం. వాటి టైర్లలో గాలి ఒక పక్క తగ్గితే కత్తి ఒక వైపుకు వాలి, గడ్డి ఎగుడుదిగుడుగా తెగుతుంది.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. కొత్త టైరును రిమ్ములో కూర్చోబెట్టేటప్పుడు 35 పౌన్లు దాటి గాలి కొట్టకూడదు. అంచు కూర్చోకపోతే గాలి దింపి, సబ్బునీరు పూసి మళ్ళీ ప్రయత్నించాలి. కొట్టేటప్పుడు పొడుగు గొట్టం వాడి, టైరు ఎదుట కాక పక్కకు నిలబడాలి. రిమ్ము పగిలిందని టైరు దానిమీద వుండగానే వెల్డింగు చేయించేవారిని చూచాను. చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ వేడికి లోపలి రబ్బరు మాడి మండే వాయువు పుడుతుంది. అది అంటుకుంటే టైరు బాంబులాగ పేలుతుంది. గాలి తీసేసినా ఆ ప్రమాదం పోదు. టైరును పూర్తిగా విప్పి పక్కన పెట్టిన తరువాతే రిమ్ముకు వెల్డింగు. షాపువాడు "ఏం కాదు, ఎన్ని చేశాను" అంటే, బండిని తోలుకుని మరొక షాపుకు వెళ్ళండి.