పెండ్లి పనులకు మొదటి అడుగు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



పుస్తకముల పండుగనాడు పెండ్లి పనుల ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాగితము, కలము లేకుండ ఏ పెండ్లియు సక్రమముగా జరుగదనియే నా మనవి. కనుక ఈ విషయమునకు గ్రంథాలయమే తగిన చోటు.

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలు ఊరకే అనలేదు. ఇల్లు కట్టువాడు పునాది త్రవ్వక పూర్వమే గదులెన్ని, ఇటుక యెంత అని లెక్క చూచుకొనును. పెండ్లి తలపెట్టినవాడు మాత్రము లెక్క చూడక ముందే మాట యిచ్చును. ఆ మాట నిలుపుకొనుటకై పొలము తాకట్టు పెట్టును. మూడు దినముల సంబరమునకు ఏండ్ల తరబడి వడ్డీ కట్టు కుటుంబములను మనమందరము ఎరుగుదుము. కావున పెండ్లిని ఎంత వైభవముగా చేయవలెనను మాట అటుంచి, ఆ పనిని ఎచ్చట ప్రారంభింపవలెనో నాలుగు మాటలు విన్నవించెదను.

తాంబూలములు పుచ్చుకొనక పూర్వమే అడుగవలసిన ప్రశ్నలు రెండు కలవు. పిల్లకు, పిల్లవానికి మనస్ఫూర్తిగా ఇష్టమేనా? ఇద్దరికిని వయస్సు వచ్చినదా? 1929వ సంవత్సరపు శాసనము ఆడపిల్లకు 14, మగవానికి 18 ఏండ్లు నిండవలెనన్నది. 1949లో ఆడపిల్ల వయస్సు 15 అయినది. 1978లో ఆడపిల్లకు 18, మగవానికి 21 అయినవి. 2006వ సంవత్సరపు చట్టమును ఆ వయస్సులనే నిలిపినది. ఈ నాలుగేండ్ల మార్పునకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది. అంత కష్టించి సాధించిన దానిని మంచి సంబంధము తప్పిపోవునను తొందరలో పోగొట్టుకొనరాదు.

రెండవది ధనము. ఒక తెల్లకాగితముపై మూడు గళ్లు గీయుడు. మొదటి గడిలో చేతనున్న సొమ్ము, రెండవదానిలో తప్పక రాగల సొమ్ము, మూడవదానిలో అప్పు తేవలసిన సొమ్ము వ్రాయుడు. మొదటి రెండు గళ్ల మొత్తమే మీ పెండ్లి హద్దు. మూడవ గడి ఎంత ఖాళీగా ఉన్న అంత క్షేమము. ఆ హద్దులో పదియవ వంతు అనుకోని ఖర్చులకై విడిగా దాచి, తక్కినదానిని బట్టలు, బంగారము, భోజనములు, పందిరి, భజంత్రీలు, పురోహితుడు, ప్రయాణములు అని పంచుకొనవలెను. ఒక పద్దు పెరిగినచో మరియొక పద్దు తగ్గవలెనేకాని మొత్తము పెరుగరాదు.

కట్నమునకు ఈ పట్టికలో గడి లేదు. ఆంధ్రప్రదేశమున 1958లోనే వరకట్న నిషేధ శాసనము వచ్చినది. 1961లో కేంద్ర చట్టమును వచ్చినది. ఇచ్చుటయు నేరమే, పుచ్చుకొనుటయు నేరమే. ఇష్టపూర్వకముగా ఇచ్చు కానుకలకు జాబితా వ్రాసి ఉంచవలెనని 1985లో నియమములు వెలువడినవి. వస్తువు, దాని ఇంచుమించు విలువ, ఇచ్చినవారి పేరు అందు వ్రాయవలెను. ఆ జాబితా రేపు ఆడపిల్లకు అండ. దానిని వ్రాయుటకు మొగమాటపడవలదు.

మూడవది ముహూర్తము. సామాన్యముగా ఆషాఢ, భాద్రపద, పుష్య మాసములందును, మూఢములందును మనవారు పెండ్లిండ్లు చేయరు. మిగిలిన దినములలో పురోహితుని ఒక్క ముహూర్తము కాక మూడు ముహూర్తములు అడుగుడు. పంట చేతికి వచ్చునా, వానలు అడ్డుపడునా, పిల్లల పరీక్షలున్నవా అని ఇంట అందరును కూర్చుండి విచారించి, వానిలో ఒకటి ఎన్నుకొనుడు. ధాన్యము అమ్మిన పిదప వచ్చు మాఘమాసము రైతునకు అనుకూలము. వైశాఖ జ్యేష్ఠములందు ఎండను, నీటి ఎద్దడిని లెక్కలోనికి తీసికొనవలెను. మంచి ముహూర్తమునాడు చుట్టుప్రక్కల ఊళ్లలోను పెండ్లిండ్లు ఉండును. కనుక దినము స్థిరపడిన వెంటనే వంటవారిని, భజంత్రీలను, కల్యాణమండపము కావలసినచో మండపమును మాటాడుకొనవలెను. చీరెలు నెల తరువాతనైనను దొరకును, వంటవాడు దొరకడు.

నాలుగవది మనుష్యుల లెక్క. శుభలేఖలు అచ్చు వేయించుటకు ముందే పిలువవలసినవారి పట్టిక వ్రాయవలెను. ఊరివారిని వీధుల వారీగాను, చుట్టములను ఊళ్ల వారీగాను వ్రాసినచో మరపు ఉండదు. పిలుపులు మరచుట వలన వచ్చిన మనస్పర్థలు ఖర్చువలన వచ్చినవానికంటె దీర్ఘకాలము నిలుచును. ఈ పట్టికయే వంటకును ఆధారము. బియ్యమంతయు ఒక్కసారి ఎసట పోయింపక, మొదటి పంక్తి కూర్చున్న పిదప చూచుకొని రెండవ వాయి వండించినచో అన్నము పారవేయు పాపము తప్పును.

పనికొక్క మనిషిని నియమింపుడు. విడిది ఒకరిది, సరకుల గది తాళపుచెవి ఒకరిది, ప్రయాణములు ఒకరివి, చదివింపుల పుస్తకము ఒకరిది. పెండ్లికూతురి తండ్రి చేతిలో ఏ పనియు ఉండరాదు. ఆయన పీటలమీద కూర్చుండవలసినవాడు. పసుపు దంచునాటి నుండి అప్పగింతల వరకు ఇంటి స్త్రీలకు తెలిసినంత పురుషులకు తెలియదు. వారిని వంటింటికే పరిమితము చేయక లెక్క వ్రాయునప్పుడే ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు.

ఇంకొక హెచ్చరిక. తాటాకు పందిరి నిప్పురవ్వకు నిలువదు. గాడిపొయ్యి గాని గ్యాసు పొయ్యి గాని పందిరికి దూరముగా ఉండవలెను. నీటి తొట్టి, ఇసుక దగ్గర నుండవలెను. త్రాగు నీరు కాచి చల్లార్చినదో శుద్ధి చేసినదో కావలెను.

ఐదవది పెండ్లి తరువాతి పని. కాని దానిని ముందే వ్రాసికొనవలెను. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము ప్రకారము, సప్తపది ఆచారముగా గలవారికి ఏడవ అడుగుతో వివాహము పూర్తియగును. అయినను వివాహమును నమోదు చేయించుట తప్పనిసరియని ఆంధ్రప్రదేశమున 2002లో చట్టమైనది. శుభలేఖ, వయస్సు తెలుపు పత్రములు, ఛాయాచిత్రములు ముందుగనే ఒక సంచిలో భద్రపరచినచో తరువాత తిరుగుట తప్పును. నిఖా చేయు ఇంటను, చర్చిలో పెండ్లి చేయు ఇంటను తంతు వేరైనను ఈ లెక్కలు వేరు కావు.

కార్యవర్గమువారికి తుదకు ఒక మనవి. ఈ గ్రంథాలయమున పెండ్లి లెక్కల పుస్తకము ఒకటి ఉంచుడు. పెండ్లి చేసిన ప్రతి కుటుంబమును, పేరు వ్రాయకుండగనే, ఎందరు భోజనము చేసినది, ఏ సరకు ఎంత పట్టినది, ఏది మిగిలినది, ఏది చాలనిది అందు వ్రాయవలెను. రేపు పెండ్లి తలపెట్టినవాడు వడ్డీ వ్యాపారి ఇంటికి పోవుటకు ముందు ఇచ్చటికి వచ్చి దానిని చదువును. పొరుగువాని ఆర్భాటమును చూచి కాక, పొరుగువాని లెక్కను చూచి పెండ్లి చేయును. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ పుస్తకము వలన ఒక్క ఎకరము పొలమైనను తాకట్టు పడకుండ నిలిచినచో, అంతకు మించిన ఉత్సవము ఉండదు.