బొగ్గుట్ట నుంచి భూపాలపల్లి దాకా: గోదావరి లోయ నల్లబంగారం చరిత్ర

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. వారినీ, బొగ్గుబాయిలో ప్రాణాలొదిలిన మిగతా వారందరినీ తలచుకుని ఈ ఉపన్యాసం మొదలుపెడుతున్నాను. గోదావరి లోయ చరిత్రను టన్నుల్లో, లాభాల్లో చెప్పడం మనకు అలవాటైపోయింది. ఇక్కడికొచ్చి బతుకు కట్టుకున్న మనుషులతో దాన్ని చెప్పాలన్నది నా పట్టుదల.

ఇల్లందును పాతతరం వాళ్లు బొగ్గుట్ట అనేవారు. భద్రాచలం పోయే యాత్రికులు అడవిలో మూడు రాళ్లు పెట్టి వంటకు నిప్పు రాజేస్తే రాళ్లే అంటుకున్నాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ అడవి కోయల నెలవు. 1871లో భూవిజ్ఞాన సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడి బొగ్గును గుర్తించారు. ఒక బొగ్గు పొరకు ‘కింగ్ సీమ్’ అని ఆయన పేరే పెట్టారు. ఆ నేలను తరతరాలుగా ఎరిగిన కోయల పేరు మాత్రం ఏ పొరకూ దక్కలేదు.

అసలు పసిడి వేట జరిగింది లండన్‌లో. 1886లో వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు నిజాం రాజ్యంలో ఖనిజాల తవ్వకానికి 99 ఏళ్ల హక్కు సంపాదించి, హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పెట్టారు. లక్ష షేర్లలో 85 వేలు తమ కిందే ఉంచుకున్నారు. నిజాం ప్రతినిధి సర్దార్ అబ్దుల్ హక్, పది పౌండ్ల షేరును పన్నెండు పౌండ్ల లెక్కన నిజాం ప్రభుత్వం చేత కొనిపించాడు. ఆ షేర్లు ఆయనవేనని తర్వాత బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణ జరిపింది. ఒక్క తట్ట బొగ్గయినా ఎత్తని చేతుల్లోకి ముందుగా డబ్బు చేరింది.

కంపెనీ ఆశ బంగారం మీద కూడా ఉండేది. రాయచూరు ప్రాంతంలో హట్టి గనులు తవ్వింది. 1920 కల్లా అక్కడ పని ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులూ అప్పులూ తీసుకుంది. పసిడి నిలవని చోట బొగ్గు నిలబడింది.

బొగ్గు కోసమే రైలు వచ్చింది. సికింద్రాబాద్ నుంచి జనగామ మీదుగా 1886లో వరంగల్‌కు, 1888లో డోర్నకల్ నుంచి గనుల దగ్గరికి, 1889లో బెజవాడకు పట్టాలు పడ్డాయి. డోర్నకల్ జంక్షన్ అయింది.

ఆ రైలు దారినే పల్లెల జనం కూడా కదిలారు. దొరల ఊళ్లలో వెట్టికి కూలి లేదు. బాయి పనికి డబ్బు చేతికొచ్చేది. అందుకే చీకట్లోకి దిగడానికీ సిద్ధపడ్డారు. అప్పటి పని అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలి. ముందుగా కర్రతో పైకప్పును తట్టి చూసేవారు. గణగణమంటే గట్టిది, బోలుగా మోగితే ఊడిపడేది. పేలుడు పొగ తగ్గాక తట్టా చెమ్మస్ (పార) పట్టుకుని బొగ్గెత్తి టబ్బు నింపేవారు. పైకప్పు చప్పుడులో తేడా పట్టలేనివాడు ఇల్లు చేరతాడన్న నమ్మకం ఉండేది కాదు. ఇది ఏ బడిలోనూ నేర్పని విద్య. పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పారు. 1940ల్లో దేవూరి శేషగిరి వంటి నాయకులు వారిని సంఘంగా కూడగట్టారు.

ఇల్లందు తర్వాత బెల్లంపల్లి, కొత్తగూడెం, గోదావరిఖని. ఆ వరుసలో చిన్న తమ్ముడు మన భూపాలపల్లి. అడవి అంచున కాకతీయ గనులు తెరుచుకున్నాక క్వార్టర్లు లేచాయి. చెల్పూరులో 1,100 మెగావాట్ల కరెంటు కేంద్రం వచ్చింది. 2016 అక్టోబర్ 11న భూపాలపల్లి జిల్లా అయింది. పెద్దన్న ఇల్లందులో పాత బాయిలు మూతపడ్డాయి, కంపెనీ కేంద్రం కొత్తగూడేనికి పోయింది. సీము తరిగాక ఊరు ఏమవుతుందన్న ప్రశ్నను గనులు నడుస్తున్నప్పుడే వేసుకోవాలని ఇల్లందు మనకు చెబుతోంది.

అందుకు తొలి మెట్టుగా మీకో విన్నపం. మీ ఇంట్లో మొదట బాయికి వచ్చినవారు ఎవరు, ఏ ఊరి నుంచి, ఎవరి వెంట, ఏ పనిలో చేరారో రాయండి. భూమి పోగొట్టుకున్న కోయ, లంబాడా కుటుంబాల మాట కూడా దాని పక్కనే రాయండి. కంపెనీ కాగితాల్లో షేర్ల లెక్కలు భద్రంగా ఉన్నాయి. మన మనుషుల లెక్క మనమే రాసుకోవాలి. అనుభవం చెప్పగల పెద్దలు మన మధ్య ఉన్నారు. ఆ పని ఈ ఏడే మొదలుపెడదాం.