పిల్లల అన్నం డబ్బాపై ఆంక్షలు



విద్యాహక్కును గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఉపకార వేతనాలను గురించి, సీట్లను గురించి మనం అనేక సభల్లో చెప్పుకున్నాం. నేడు మేము పిల్లల సంచిలోని అన్నం డబ్బాను గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

ఇది చిన్న విషయమని కొందరికి తోచవచ్చు. “మాంసం ఇంట్లో తింటారు కదా, బడికి పప్పన్నం పంపితే పోయేదేముంది?” అని మన పెద్దలే అంటున్నారు. పప్పన్నంతో మనకు పేచీ లేదు. ఖట్టీ దాల్ వండని ఇల్లు మనలో ఎక్కడుంది? కాని ఒక పసివాడు తన డబ్బా మూత సగమే తెరిచి, అటూ ఇటూ చూసి తినవలసి వస్తే, తన అమ్మ చేతి వంట సిగ్గుపడదగిన వస్తువని వాడు ఆ వయసులోనే నేర్చుకుంటున్నాడన్నమాట. పోయేది అదీ.

ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో 2024 సెప్టెంబరులో ఏమి జరిగిందో పత్రికల్లో చదివారు. డబ్బాలో మాంసాహారం తెచ్చాడన్న ఆరోపణతో ఒక ప్రైవేటు బడి ఒక చిన్నవాడిని చదువుకు దూరం చేసింది. ప్రధానోపాధ్యాయునితో తల్లి జరిపిన వాదన వీడియోగా దేశమంతా తిరిగింది. ఆ తల్లి అలహాబాదు హైకోర్టు మెట్లెక్కింది. ఆమె పిల్లలను రెండు వారాల్లో వేరొక సీబీఎస్ఈ బడిలో చేర్పించాలని జిల్లా మేజిస్ట్రేటును కోర్టు డిసెంబరులో ఆదేశించింది. సంతోషమే. అయితే సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పోయిన చదువును ఏ ఉత్తర్వూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు.

అదే ఏడాది ఆగస్టులో నోయిడాలోని ఒక పేరున్న బడి డబ్బాల్లో మాంసాహారం పంపవద్దని తల్లిదండ్రులను కోరింది. పొద్దున వండినది మధ్యాహ్నానికి పాడవుతుందని ఒక కారణం, అందరినీ గౌరవించాలని మరొక కారణం చూపింది. పాడయ్యే మాటే నిజమైతే వేసవిలో పెరుగన్నం పులియదా, పనీరు చెడదా? గౌరవమంటారా, కొందరి అన్నాన్ని గేటు బయట ఆపి అందరినీ గౌరవించడం ఎట్లాగో మాకు బోధపడలేదు.

నియమాలే వద్దని మేము అనడం లేదు. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలను అడగండి, వేరుసెనగ తెస్తే ప్రాణాపాయం కలిగే పిల్లలున్నారని చాలా బడులు పల్లీలను డబ్బాలో పెట్టనివ్వవు. పల్లీ చట్నీ మానుకుని తల్లులు ఆ నియమాన్ని పాటిస్తున్నారు. మన దేశంలో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లో చేసిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తినుబండారాలను బడిలోను, గేటు నుంచి 50 మీటర్ల లోపలను అమ్మరాదు. ఇవన్నీ పిల్లల ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని చూసి చేసిన నియమాలు. ఆరోగ్యమే కొలబద్ద అయితే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు ఎందుకు పెడుతున్నారు? సర్కారు పళ్లెంలో పోషకాహారమైన గుడ్డు ప్రైవేటు బడి డబ్బాలో అపరాధం ఎట్లా అవుతుంది?

ఇది ముస్లిముల గొడవ మాత్రమే అని కూడా అనుకోకండి. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన వారిలో మాంసాహారులు తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను 98 శాతానికి పైనే. దళితులు, క్రైస్తవులు, వెనుకబడిన కులాలవారు అందరూ ఈ లెక్కలో ఉన్నారు. వారిని కలుపుకోకుండా మనం ఒంటరిగా వెళ్లడం తెలివితక్కువ.

చట్టం మాటకు వద్దాం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినప్పుడు, మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్, ఏమి తినాలో ఏమి కట్టుకోవాలో ప్రభుత్వం చెప్పడాన్ని ఎవరూ ఇష్టపడరని తన అభిప్రాయంలో రాశారు. అది ప్రభుత్వాన్ని గురించిన మాట, ప్రైవేటు బడికి వర్తించదని వకీళ్లు వాదించవచ్చు. వాదించుకోనివ్వండి. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. ప్రాథమిక విద్య ముగిసేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తొలగించరాదని 16వ సెక్షను, శారీరక దండన, మానసిక వేధింపు కూడదని 17వ సెక్షను చెబుతున్నాయి. డబ్బాను పదిమందిలో తెరిపించి నిలబెట్టడం మానసిక వేధింపు కాక మరేమిటి?

మేము జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాళ్లం కనుక ఒక సంగతి గట్టిగా చెబుతాము. తొలగించామని ఏ బడీ కాగితం మీద రాయదు. “మీరే టీసీకి దరఖాస్తు పెట్టుకోండి, పిల్లవాడి భవిష్యత్తుకు మంచిది” అని మర్యాదగా చెబుతారు. మీరు సంతకం చేసిన మరుక్షణం అది తొలగింపు కాదు, మీ ఇష్టపూర్వక బదిలీ. రేపు ఏ అధికారి ముందు నిలబడినా మీ సంతకమే మీకు ఎదురు సాక్ష్యం. కనుక ఆ కాగితం మీద చేయి పెట్టకండి. నియమమేదో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే, అడిగినట్టు మీరే ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 32వ సెక్షను కింద స్థానిక ప్రాధికారానికి ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. తీర్పు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషనుకు అప్పీలు ఉంది. ఫిర్యాదు నకలు ఒకటి మండల విద్యాధికారికి, ఒకటి జిల్లా విద్యాధికారికి ఇవ్వండి. నకళ్ల మీద ఇన్‌వార్డు ముద్ర వేయించుకోవడం మరువకండి, ముద్ర లేని అర్జీ ఆఫీసులో ఇట్టే మాయమవుతుంది.

మన మైనారిటీ బడుల నిర్వాహకులు ముందు వరుసలో కూర్చున్నారు. 2014లో రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ సంస్థలను ఈ చట్టం నుంచి మినహాయించింది. అంతమాత్రాన మీ బడిలో చదివే శాకాహార కుటుంబాల పిల్లల పట్ల పూచీ తప్పదు. వారి డబ్బాను ఎవరూ ఎగతాళి చేయకుండా, వారి పళ్లెంలో ఎవరూ బలవంతంగా ముక్క వేయకుండా చూడండి. మనం బయట అడిగేది ఇదే కదా.

బడి డైరీలో ఇటువంటి నియమం అచ్చయి ఉన్నవారు సభ ముగిశాక మాకు చూపండి, ఆ పుటకు నకలు తీసుకుంటాము. అర్జీ నమూనా వెనుక బల్లమీద తెలుగులోను, ఉర్దూలోను ఉంది. పిల్లవాడి పేరు, తరగతి, తేదీల కోసం ఖాళీలు వదిలాము. రాయడం రాని తల్లులు మొహమాటపడకుండా అక్కడున్న మా అమ్మాయిలతో రాయించుకోండి.